సబ్‌వూఫర్ సరే, ఎన్ని ప్యానెళ్లు విప్పాలి?

ప్రశ్న: మేం చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. మా మామగారు 2017లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ పోయిన ఏడాది నుంచి నా దగ్గరుంది. నెలకోసారి పిల్లలతో, సామానుతో నెల్లూరు వెళ్లొస్తాం. కంపెనీ స్టీరియోలో బాస్ అనేదే వినిపించదు. సబ్‌వూఫర్ పెట్టుకోవాలని ఉంది. ఇదివరకు రివర్స్ కెమెరా పెట్టించినప్పుడు షాపువాళ్లు డిక్కీ తలుపు లోపలి ప్యానెల్ క్లిప్పులు విరగ్గొట్టి, మాకు చెప్పకుండా నొక్కేసి పంపించారు. అప్పటినుంచి గతుకు వస్తే చాలు, వెనక టకటక. అందుకే ఈసారి నేనే విప్పి పెట్టుకుందామనుకుంటున్నాను. వీడియోలు చూస్తే సీట్లు, తలుపులు, డాష్‌బోర్డు అన్నీ ఊడదీసి నేల మీద పరుస్తున్నారు. ఎయిర్‌బ్యాగ్ పేలుతుందేమోనని మా ఆవిడకి టెన్షన్. ఒకసారి విప్పిన కారు మళ్లీ కారులా ఉండదని మామగారు అంటున్నారు. సీటు కింద పెట్టే చిన్న సబ్‌వూఫర్ కొనాలా, డిక్కీలో పది అంగుళాల డబ్బా పెట్టాలా? ఏ ప్యానెళ్లు, ఏ వరసలో విప్పాలి?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి

సమాధానం: మీ మామగారి మాటలో సగం నిజముంది, ముందు అది చెప్తాను. ప్యానెల్ విప్పడం ఎవరికైనా వస్తుంది. విప్పినదాన్ని కదలకుండా మళ్లీ కూర్చోబెట్టడంలోనే ఉంది పనితనం. మామూలు కారులో క్లిప్పు ఒకటి వదులైనా గతుకుల్లో తప్ప తెలియదు. సబ్‌వూఫర్ వచ్చాక లెక్క మారుతుంది. అది మోగేదే 30 నుంచి 80 హెర్ట్జ్ మధ్యలో, ప్లాస్టిక్‌నీ రేకునీ బాగా ఊపేది కూడా అవే శబ్దాలు. మీ డిక్కీ తలుపు ఇప్పుడు గతుక్కి ఒకసారి టకటకమంటోంది, రేపు పాటలో ప్రతి దెబ్బకీ అంటుంది. కాబట్టి సబ్‌వూఫర్ కొనకముందే ఆ తలుపు ప్యానెల్ సంగతి చూడండి. విరిగిన క్లిప్పు ఒకటి బయటికి తీసి జేబులో వేసుకుని పుదుప్పేట గానీ, జనరల్ ప్యాటర్స్ రోడ్డు గానీ వెళ్లండి. నమూనా చేతిలో ఉంటే అలాంటిదే ఇస్తారు, నోటితో వర్ణిస్తే దాని అన్నదమ్ముల్లాంటిది ఏదో ఇస్తారు. ఒక గుప్పెడు ఎక్కువే తీసుకోండి, ఎనిమిదేళ్లు దాటిన కారు కాబట్టి ఈ పనిలో ఇంకా కొన్ని విరుగుతాయి. విరగడం తప్పు కాదు. క్లిప్పు ఉండేదే ప్యానెల్ బదులు తను విరగడానికి.

వీడియోల గురించి. కారంతా ఊడదీసి పరిచేవాళ్లు చేస్తున్నది వేరే పని. వాళ్లు తలుపుల్లో, నేల మీద అదురూ మోతా తగ్గించే డ్యాంపింగ్ షీట్లు అతికిస్తున్నారు, నాలుగు స్పీకర్లూ మారుస్తున్నారు. మీకు కావలసింది బ్యాటరీ దగ్గర్నుంచి డిక్కీ దాకా ఒక కరెంటు వైరు, స్టీరియో దగ్గర్నుంచి డిక్కీ దాకా ఒక సిగ్నల్ వైరు. అంతే. దానికి విప్పాల్సినవి గ్లోవ్ బాక్సు, స్టీరియో చుట్టూ ఉన్న ఫ్రేము, రెండు వైపులా తలుపుల కింద ఉండే పొడవాటి సిల్ ప్లేట్లు, వాటి ముందు కాళ్ల దగ్గరుండే కిక్ ప్యానెళ్లు, వెనక సీటు కూర్చునే భాగం, డిక్కీలో పక్క ట్రిమ్. తలుపుల ప్యానెళ్లు వద్దు. అద్దం పక్కన నిలువుగా ఉండే పిల్లర్ ట్రిమ్‌లు వద్దు. ముందు సీట్లు అసలు వద్దు.

ఇక ఏది కొనాలి? సీటు కింద పెట్టేది సన్నగా, బిగించడానికి సులువుగా ఉంటుంది, డిక్కీలో చోటు తినదు. ఇంకో ఊరివాళ్లైతే అదే కొనమనేవాణ్ణి. మీది వేళచ్చేరి. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరు మిచాంగ్ తుపాను మీ ప్రాంతానికి ఏం చేశాయో నేను చెప్పక్కర్లేదు. కారులోకి నీళ్లు వస్తే ముందు తడిసేది ముందు సీట్ల కింద కార్పెట్. అక్కడే ఆంప్లిఫయరున్న పెట్టెని పడుకోబెట్టడం నాకు మనసొప్పదు. అది కాక చాలా కార్లలో సీటు కింద నుంచే వెనక వాళ్లకి ఏసీ గాలి గొట్టం వెళ్తుంది, సీటు ఎత్తు తగ్గిస్తే పెట్టెకి తగులుతుంది.

పది అంగుళాల స్పీకరుకి మూసిన డబ్బా అయితే లోపలి ఘనపరిమాణం సుమారు 15 నుంచి 25 లీటర్లు కావాలి. గాలి రంధ్రమున్న డబ్బా అయితే ఇంకా పెద్దది. చెక్క మందం, వెనక అయస్కాంతం, పక్కన ఆంప్లిఫయర్ కలుపుకుంటే హ్యాచ్‌బ్యాక్ డిక్కీలో ఒక సూట్‌కేసు చోటు పోయినట్టే. పిల్లలతో నెల్లూరు ప్రయాణం అని రాశారు కదా, రెండోసారికే ఆ డబ్బా ఇంట్లో మంచం కిందికి వెళ్తుంది. మీ ఫిర్యాదు బాస్ వినిపించడం లేదనే గానీ, ఛాతీ అదరడం లేదని కాదు. అందుకని నా సలహా: ఆంప్లిఫయర్ లోపలే ఉన్న ఎనిమిది అంగుళాల పవర్డ్ సబ్‌వూఫర్ కొని, సీటు కింద కాకుండా డిక్కీలో ఒక మూలకి గట్టిగా బిగించండి. బిగించడం అన్నది తేలిగ్గా తీసుకోకండి. వదులుగా ఉన్న పెట్టె సడన్ బ్రేకు వేసినప్పుడు వెనక సీట్లో పిల్లల వీపు మీదికొస్తుంది. స్పీకర్ లెవెల్ ఇన్‌పుట్ ఉన్న మోడలే (అంటే స్టీరియో నుంచి స్పీకర్లకి వెళ్లే సిగ్నల్‌నే నేరుగా తీసుకునేది) తీసుకోండి, మీ కంపెనీ స్టీరియో మార్చక్కర్లేకుండా పని జరుగుతుంది.

కరెంటు లెక్క కూడా దీనికే అనుకూలం. పెట్టె మీద రాసే గరిష్ఠ వాట్లు పక్కన పెట్టి ఆర్ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగిన పవర్, చూడండి. 150 వాట్ల ఆర్ఎంఎస్ ఉన్న క్లాస్ డి ఆంప్లిఫయర్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే, ఇంజిను నడుస్తున్నప్పటి 13.8 వోల్టుల దగ్గర దాదాపు 14 ఆంపియర్లు లాగుతుంది. 300 వాట్లది 27 ఆంపియర్లు. మొదటిదానికి 8 గేజ్ రాగి వైరు, అంటే ఇంచుమించు 8.4 చదరపు మిల్లీమీటర్లది, ధారాళంగా సరిపోతుంది. ఇక్కడో మోసం ఉంది. చవక కిట్లలో వచ్చేది పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న వైరు. పైకి లావుగా, మెరుస్తూ ఉంటుంది, కానీ అంతే మందమున్న రాగి వైరు మోసినంత కరెంటు మోయదు. రిచీ స్ట్రీట్‌లో అడిగి పూర్తి రాగిదే కొనండి, చివర కాస్త గీరి చూస్తే లోపల తెల్లగా ఉందో ఎర్రగా ఉందో తెలిసిపోతుంది. క్రింపింగ్ లగ్గులు (వైరు చివర నొక్కి బిగించే లోహపు కొనలు), హీట్ ష్రింక్ స్లీవులు (వేడి చేస్తే బిగుసుకునే తొడుగులు), ఒక మల్టీమీటరు కూడా అక్కడే దొరుకుతాయి. ఇంటి వైరింగులో మిగిలిన వైరు వాడదామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి, ఇంజిను పక్క వేడికీ నూనెకీ ఆ తొడుగు తట్టుకోదు.

ఇప్పుడు మీ ఆవిడ భయం. సిల్ ప్లేటు పీకినంత మాత్రాన ఎయిర్‌బ్యాగ్ పేలదు. కానీ ఆవిడ భయపడటంలో అర్థం ఉంది కాబట్టి పద్ధతి పాటించండి. మన దేశంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జులైలో. మీ 2017 కారులో మోడల్‌ని బట్టి ఉండొచ్చు, లేకపోవచ్చు. స్టీరింగు మీద, ఎడమ డాష్‌బోర్డు మీద, ముందు సీట్ల పక్కన, పిల్లర్ల మీద ‘ఎస్ఆర్ఎస్ ఎయిర్‌బ్యాగ్’ అన్న అక్షరాలు ఎక్కడెక్కడున్నాయో ముందే చూసుకోండి. పనికి ముందు తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, టెర్మినల్‌కి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకి పెట్టండి. తర్వాత ఆగాలి. ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి దాని కంట్రోల్ యూనిట్‌లోని కెపాసిటర్లు కొంత కరెంటు దాచుకుంటాయి, అది దిగిపోవాలి. మీ కారు మాన్యువల్‌లో ఎంతసేపని రాసి ఉంటే అంతసేపు ఆగండి. మాన్యువల్ కనిపించకపోతే పది నిమిషాలు ఆగి టీ తాగి రండి.

పసుపు రంగు కనెక్టరు గానీ, పసుపు తొడుగు వేసిన వైరు గానీ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌దో, ప్రమాదంలో సీటు బెల్టుని బిగించే ప్రీటెన్షనర్‌దో అనుకోవాలి. దాన్ని విప్పకండి, దానికి మల్టీమీటర్ పెట్టి చూడకండి, మీ వైరుని దానితో కలిపి కట్టకండి. ముందు సీట్లు వద్దన్నది కూడా ఇందుకే. చాలా కార్లలో సీటు కింద ఆ పసుపు కనెక్టరు ఉంటుంది. సీటు తీయడానికి దాన్ని ఊడదీసి, మధ్యలో పొరపాటున తాళం తిప్పితే డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది. స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్తే తప్ప పోదు.

బ్యాటరీ తీసే ముందు ఇంకో సంగతి: డిక్కీ తెరిచి పెట్టుకోండి. చాలా కార్లలో డిక్కీ తాళం కరెంటు స్విచ్చుతోనే తెరుచుకుంటుంది, బ్యాటరీ తీశాక మూసుకుందంటే లోపలికి వెనక సీటు మీద నుంచి పాక్కుంటూ వెళ్లాలి. కొన్ని కంపెనీ స్టీరియోలు బ్యాటరీ తీసి పెట్టాక కోడ్ అడుగుతాయి, ఆ కార్డు మామగారి ఫైల్లో ఉందేమో ముందే అడగండి. (ఈ వంకతో ఆయన్ని పనిలోకి కలుపుకోవచ్చు కూడా.)

పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు. ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్ సెట్టు, స్టార్ స్క్రూడ్రైవరు, 10, 12 నంబరు సాకెట్లు, టార్చి, పెయింటింగ్‌వాళ్లు వాడే మాస్కింగ్ టేపు, కొన్ని జిప్ కవర్లు. ఇనప స్క్రూడ్రైవర్‌తో ప్యానెల్ అంచు ఎత్తకండి, మీ రివర్స్ కెమెరా వాళ్లు చేసింది అదే అయి ఉంటుంది. ఏ భాగం విప్పితే దాని స్క్రూలు, క్లిప్పులు ఒక కవర్లో వేసి పేరు రాయండి. పక్కపక్క ప్యానెళ్లకి కూడా క్లిప్పుల సైజు, రంగు వేరుగా ఉంటాయి. విప్పే ముందొకటి, విప్పాక ఒకటి ఫోన్‌లో ఫొటో. మే నెల మిట్టమధ్యాహ్నం చేయకండి, చేతులు కాలుతాయి. నీడలో పొద్దున చేస్తే చాలు, చెన్నైలో ప్లాస్టిక్ చలికి పెళుసెక్కే బాధ ఎలాగూ లేదు.

గ్లోవ్ బాక్సుతో మొదలుపెట్టండి. చాలా కార్లలో దాని వెనకే ఏసీ ఫిల్టరు ఉంటుంది కాబట్టి, అది ఒకసారైనా విప్పని కారు ఉండదు. రెండు పక్కల లోపలికి నొక్కితే కిందికి దిగుతుంది. పక్కన సన్నటి కడ్డీ ఉంటే ముందు దాన్ని తప్పించాలి. అక్కడి నుంచి టార్చి వేస్తే ఇంజిను వైపు గోడ, అంటే ఫైర్‌వాల్, దాంట్లోంచి కంపెనీ వైర్ల కట్ట వచ్చే రబ్బరు గ్రోమెట్ కనిపించే అవకాశముంది. మీ కరెంటు వైరు దారి అదే. గ్రోమెట్ అంచున చిన్న గాటు పెట్టి, ఇస్త్రీ బట్టల హ్యాంగరు తీగని ముందు తోసి, దానికి వైరు కట్టి లాగాలి. తర్వాత గాటుకి సిలికాన్ పూయండి. కొత్తగా రేకుకి కంత పెట్టొద్దు. ఈ ఒక్క పని దగ్గర ధైర్యం చాలకపోతే, అది మాత్రం ఎరిగిన ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోండి. నేను చిన్నతనంగా అనుకోను.

తర్వాత సిల్ ప్లేట్లు. ముందుగా తలుపు చట్రానికి ఉన్న రబ్బరు బీడింగ్‌ని ఆ మేరకు చేత్తో లాగేయండి, దాని పెదవి ప్లేటు అంచు మీద ఉంటుంది. ప్లేటు ఒక చివర ట్రిమ్ టూల్ పెట్టి నిలువుగా పైకి లేపండి. ‘టప్’మని శబ్దం వస్తుంది. మొదటిసారి గుండె ఆగుతుంది, అది క్లిప్పు వదిలిన చప్పుడే. రెండో క్లిప్పు పక్కకి టూల్ జరిపి మళ్లీ అక్కడ లేపండి. ఒక చివర పట్టుకుని మొత్తం ప్లేటుని విల్లులా వంచేస్తేనే విరుగుతుంది. ఎక్కడైనా రాకపోతే బలం పెంచకండి, ఆగి చూడండి. స్క్రూ ఏదో దాగి ఉంటుంది, లేదా పక్క ప్యానెల్ దీని మీదికి ఎక్కి ఉంటుంది. కిక్ ప్యానెల్‌కి మూలన తరచూ ఒక ప్లాస్టిక్ నట్టు ఉంటుంది, అది తిప్పి తీసి ప్యానెల్‌ని కారు లోపలి వైపుకి లాగాలి.

సిల్ ప్లేటు లేవగానే కింద కంపెనీ వైర్ల కట్ట పడుకుని కనిపిస్తుంది. వైరు పరిచే ముందు ఒక నిమిషం కార్పెట్ అంచు ఎత్తి చూడండి. కింద నురుగు తడిగా ఉన్నా, ఎండిన బురద గీత ఉన్నా, బోల్టులు తుప్పు పట్టినా కారు ఎప్పుడో నీళ్లలో నిలబడిందని అర్థం. అలా ఉంటే సబ్‌వూఫర్ సంగతి వచ్చే నెలకి వాయిదా వేసి ముందు కార్పెట్ ఎత్తించి ఆరబెట్టించండి.

రెండు తలుపుల మధ్య ఉండే పిల్లర్ కింది ట్రిమ్ ఈ సిల్ ప్లేట్ల మీదికి వచ్చి ఉంటుంది. దాన్ని పూర్తిగా తీయాల్సిన పని లేదు. అడుగు అంచు కాస్త ఎత్తి వైరుని వేలితో అవతలికి తోసేయండి. ఆ ట్రిమ్ వెనకే సీటు బెల్టు చుట్ట ఉంటుంది, చాలా కార్లలో దానికి పేలుడు మందు నింపిన ప్రీటెన్షనర్ కూడా. చేయి లోపల పెట్టి కెలకొద్దు.

కరెంటు వైరు ఎడమవైపు, సిగ్నల్ వైరు కుడివైపు పరవండి. రెండూ ఒకే దారిలో పక్కపక్కనే పరిస్తే స్పీకర్లో ఇంజిను కూత వినిపించే ప్రమాదముంది. కుడివైపు డ్రైవర్ కాళ్ల దగ్గర వైరు ఎక్కడా వేలాడకూడదు. బ్రేకు పెడల్‌కి చుట్టుకునే వైరు కంటే పాటలు లేని కారు మేలు.

సిగ్నల్ కోసం స్టీరియో చుట్టూ ఉన్న ఫ్రేము తీయాలి. మొత్తం పనిలో ఎప్పుడూ కళ్లెదుటే ఉండే ప్యానెల్ ఇది, గీత పడితే రోజూ చూడాలి. చుట్టూ మాస్కింగ్ టేపు అతికించాకే టూల్ పెట్టండి. కొన్నిట్లో ఏసీ గుబ్బల దగ్గరో, చిన్న మూత కిందో స్క్రూ ఉంటుంది. మీ మోడల్, మీ తయారీ సంవత్సరం వీడియో ఇక్కడ నిజంగా అవసరం. ఫ్రేము వెనక హజార్డ్ స్విచ్చు కనెక్టర్ ఉండొచ్చు, ఒక్కసారిగా లాగేయకండి. స్టీరియో వెనక వైర్లు కోసి కలపకుండా, మీ కారుకి సరిపోయే టీ ఆకారపు కప్లర్ హార్నెస్ కొనండి. కంపెనీ ప్లగ్గు విప్పి మధ్యలో ఇది పెడితే చాలు. రేపు కారు అమ్మేటప్పుడు తీసేస్తే ఏ ఆనవాలూ ఉండదు, మామగారికి చూపించడానికి కూడా ఇదే మంచి సాక్ష్యం.

వెనక సీటు కూర్చునే భాగం చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో ముందు అంచున రెండు క్లిప్పుల మీద ఉంటుంది. క్లిప్పుకి సరిగ్గా ఎదురుగా చేయి పెట్టి పైకి కుదిపితే వస్తుంది. కొన్నిట్లో వెనకవైపు బోల్టులు కూడా ఉంటాయి. ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆ సీటు కింద రేకు, ఆ రేకు కింద పెట్రోల్ ట్యాంకు. పైన గుండ్రటి మూత కనిపిస్తే అది ఫ్యూయల్ పంపుది. ఎర్త్ కోసమని అక్కడ డ్రిల్ గానీ, సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ గానీ దింపకండి. షాపుల్లో తొందరలో ఈ పని చేసేవాళ్లు ఉన్నారు, మీరు షాపుకిచ్చినా ఇది మాత్రం పక్కన నిలబడి చూడండి.

ఎర్త్ ఎక్కడివ్వాలంటే, డిక్కీ పక్క ట్రిమ్ కాస్త విప్పితే బాడీకి బిగించిన కంపెనీ ఎర్త్ బోల్టు గానీ, రేకుకి వెల్డ్ చేసిన బోల్టు గానీ దొరుకుతుంది. సీటు బెల్టు బోల్టు ముట్టుకోకండి. ఎంచుకున్న చోట పెయింటు గీరి మెరిసే రేకు కనిపించేలా చేసి, లగ్గు పెట్టి, పళ్ల వాషరుతో బిగించండి. ఎర్త్ వైరు కూడా కరెంటు వైరంత లావుండాలి, అరమీటరు లోపే ఉండాలి. బిగించాక పైన గ్రీజో పెయింటో పూయండి. సముద్రం గాలి ఉన్న ఊళ్లో గీరిన రేకుని అలా వదిలేస్తే రెండు వర్షాకాలాలకి తుప్పు, తుప్పు పట్టిన ఎర్త్‌తో కూత, కూత వచ్చాక ఆంప్లిఫయర్ పోయిందని కొత్తది కొనడం, ఇదీ వరస.

బ్యాటరీ పాజిటివ్ దగ్గర ఫ్యూజు హోల్డరు. వైరు పొడవులో బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఆ ఫ్యూజు కాపాడేది ఆంప్లిఫయర్ని అనుకుంటారు చాలామంది, అది కాపాడేది వైరుని. ఫైర్‌వాల్ దగ్గర తొడుగు ఒరుసుకుపోయి రాగి బాడీకి తగిలితే, ఫ్యూజు లేని వైరు ఆ బ్యాటరీ ఇవ్వగలిగినంత కరెంటూ లాగి మండుతుంది. డిక్కీ దగ్గర ఫ్యూజు పెడితే మధ్యలో ఉన్న నాలుగైదు మీటర్లకీ రక్షణ లేనట్టే. ఎంత ఆంపియర్లదన్నది మీ సబ్‌వూఫర్ పుస్తకంలో ఉంటుంది. అన్నీ కలిపాక, బ్యాటరీ నెగటివ్ బిగించాక, ఆఖరున ఫ్యూజు పెట్టండి. అంతకుముందు స్టీరియో, హజార్డ్ స్విచ్చు, విప్పిన ప్రతి కనెక్టరు తిరిగి పెట్టారో లేదో చూసుకుని, ఆ తర్వాతే తాళం తిప్పండి.

ప్యానెళ్లు ఇంకా బిగించొద్దు! ఇక్కడే అందరూ తొందరపడతారు. ముందు పాట పెట్టండి. ఇంజిను ఆన్ చేసి యాక్సిలరేటర్ తొక్కితే కూత కూడా పెరుగుతుంటే ఎర్త్ సరిగా లేదని మొదటి అనుమానం. లోపాస్ ఫిల్టర్ (బాస్‌ని మాత్రమే సబ్‌వూఫర్‌కి వదిలే సర్దుబాటు) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. గెయిన్ అన్నది వాల్యూమ్ గుబ్బ కాదు, స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కి ఆంప్లిఫయర్ని జత చేసే సర్దుబాటు. స్టీరియో వాల్యూమ్ ముప్పావు దాకా పెంచి, గెయిన్ సున్నా నుంచి మెల్లగా తిప్పుతూ బాస్ బొంగురుపోయే చోట ఆగి కొంచెం వెనక్కి రండి. ఫేజ్ స్విచ్చు రెండు వైపులా వేసి, డ్రైవర్ సీట్లో ఎటు బాస్ నిండుగా ఉంటే అటు వదిలేయండి.

ఆ తర్వాత ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 30 నుంచి 80 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుకుంటూ పోండి. ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర కారులో ఒక్కో భాగం పలుకుతుంది. ఇంకొకరు కారులో తిరుగుతూ ఒక్కో ప్యానెల్ మీద అరచేయి ఆనించి చూడాలి, ఏది నొక్కితే మోత ఆగుతుందో అదే దొంగ. ఈ పనికి మీ ఆవిడ గానీ, పెద్ద పిల్లలుంటే వాళ్లు గానీ కావాలి, ఒక్కరి వల్ల కాదు. ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ తగిలే చోట వైర్ల కట్టలకి చుట్టే గుడ్డ టేపు గానీ, సన్నటి ఫెల్ట్ గానీ అతికించండి. మీ వైర్లని అడుగుకొకసారైనా కంపెనీ కట్టకి జిప్ టైతో కట్టండి, వదులుగా ఉన్న వైరు రేకుని కొట్టే చప్పుడు కనిపెట్టడం చాలా కష్టం. హ్యాచ్‌బ్యాక్‌లో అన్నిటికంటే ఎక్కువ మోగేది తరచుగా వెనక నంబరు ప్లేటే. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకి వస్తున్న హై సెక్యూరిటీ ప్లేట్లు విప్పితే విరిగిపోయే స్నాప్ లాక్‌తో ఉంటాయి. మీ కారుకి తర్వాత అలాంటిది వేయించి ఉంటే విప్పే ప్రయత్నం చేయకుండా, అంచుల నుంచి వెనక్కి సన్నటి ఫోమ్ పట్టీ దూర్చండి.

ఇప్పుడు బిగించండి. విప్పినప్పుడు కొన్ని క్లిప్పులు ప్యానెల్‌తో రాకుండా బాడీ రేకులోనే ఉండిపోతాయి. వాటి మీద ప్యానెల్ పెట్టి గుద్దితే ప్యానెల్ గూడు పగులుతుంది, మీ డిక్కీ తలుపుకి జరిగింది ఇదే కావచ్చు. రేకులో ఉన్నదాన్ని పట్టకారుతో తీసి, ముందు ప్యానెల్ గూట్లో కూర్చోబెట్టి, అప్పుడు మొత్తంగా రేకు కంతలకి సరిచూసి, ప్రతి క్లిప్పు ఉన్న చోట అరచేత్తో నొక్కండి. లోపల కూర్చున్న చప్పుడు వినిపించాలి. రబ్బరు బీడింగ్ పెదవి ట్రిమ్ మీదికి పూర్తిగా వచ్చిందో లేదో వేలితో తడుముతూ చూడండి. అది లోపలికి మడతపడి ఉంటే మొదటి వానకే నీళ్లు కార్పెట్ మీద ఉంటాయి.

తలుపులు ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. తలుపు ప్యానెల్ వెనక ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు జిగురుతో అతికి ఉంటుంది. అద్దం పక్క నుంచి దిగే వాన నీరు కారులోకి రాకుండా, తలుపు లోపలే జారి అడుగు కంతల్లోంచి బయటికి పోయేలా ఆ షీటు కాపు కాస్తుంది. అది చిరిగితే నీరు లోపలికి వస్తుంది. స్పీకర్లు మార్చే రోజు వచ్చినప్పుడు ఆ పని వేరేగా, తీరిగ్గా చూసుకోవచ్చు.

కాగితాల సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుపడేది ఆర్‌సీలో ఉన్న వివరాలు మారిపోయేలా చేసే మార్పులకి, డిక్కీలో పెట్టిన సబ్‌వూఫర్ ఆ కోవలోకి రాదు. బీమా రెన్యువల్‌లో మాత్రం బిల్లు చూపించి ఎలక్ట్రికల్ యాక్సెసరీగా రాయించండి, దానికి ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి అదనంగా చేర్చే షరతు, ఉంది. రాయించకపోతే పోయినప్పుడు దాని డబ్బు రాదు.

నెల గడిచాక, ఒక నెల్లూరు ప్రయాణం అయ్యాక, బానెట్ ఎత్తి బ్యాటరీ దగ్గరి నట్టు, డిక్కీలో ఎర్త్ బోల్టు ఒకసారి స్పానర్‌తో చూడండి. అరగంట పాటలు మోగాక ఫ్యూజు హోల్డరు చేత్తో ముట్టుకోండి. చుట్టుపక్కల భాగాల కంటే అదొక్కటే బాగా వేడిగా ఉంటే లోపల వైరు క్రింప్ సరిగా పడలేదు, దాన్ని కోసి మళ్లీ కొత్త లగ్గు వేయండి.